నా సబ్బుకు గులాబీ అతుకు

మా ఇంట్లో సబ్బుకు చావు లేదు. అరిగి అరిగి చింతాకు మందం అయ్యాక, దాన్ని తడిపి కొత్త సబ్బు వీపున అతికించి బొటనవేలితో గట్టిగా నొక్కుతుంది అమ్మ. మర్నాటికి రెండూ ఒకటవుతాయి. ఈ లెక్కన ప్రొద్దుటూరులో మేమిప్పుడు రుద్దుకుంటున్న సబ్బులో అమ్మ పెళ్ళినాటి సబ్బు అంశ ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. ఆ అలవాటే లేకపోతే నేను ఈనాటికీ సుఖంగా మోసపోతూ ఉండేవాణ్ణి.

అమ్మ జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్ళో టీచరు. రోజూ బస్సులో పోయివస్తుంది. ఆమెకు చేతుల మీద, మెడ కింద దురద పట్టుకుంది. సుద్దముక్కల దుమ్మేమో అనుకున్నాం. స్కిన్ డాక్టరు చూసి, "వాసన సబ్బులు మానేయండమ్మా" అన్నాడు. అమ్మ ముఖం చూస్తే ఉద్యోగం మానేయమన్నట్టుంది. పెళ్ళయినప్పటినుంచీ ఆమెది ఒకటే గులాబీ రంగు సబ్బు. ఆమె సందు మలుపు తిరగకముందే ఆ వాసన ఇంట్లోకొచ్చి కూర్చునేది. మానలేకపోయింది. గోక్కుని గోక్కుని చేతులనిండా ఎర్రటి గీతలు.

అప్పుడు నాలోని కొడుకు మేల్కొన్నాడు. మామూలుగా వాడు అంత తొందరగా లేచే రకం కాదు.

ఫోనులో వీడియోలు చూసి సబ్బు చేయడం నేర్చుకున్నాను. గానుగలో ఆడించిన శనక్కాయల నూనె, కొంచెం కొబ్బరినూనె, కాస్టిక్ సోడా. సోడా నీళ్ళలో వేస్తే పొయ్యి లేకుండానే పొగలు వస్తాయి. అందుకని మిద్దె మీద, ముక్కుకు టవలు కట్టుకుని కలిపేవాణ్ణి. మా వైపు మిద్దె మీద ముఖానికి గుడ్డ కట్టుకుని ఎవడైనా ఏదైనా కలుపుతుంటే అది సబ్బని ఎవరూ అనుకోరు. పక్కింటివాళ్ళు కొన్నాళ్ళు నాతో చాలా మర్యాదగా మాట్లాడారు.

మొదటిసారి ఒంటికి మంచిదని పసుపు వేశాను. సోడా తగలగానే అంతా ఎర్రబడింది.

"సబ్బు చేస్తాండావా, దిష్టి తీస్తాండావా రా?" అంది అమ్మ.

రెండోసారి వెన్నరంగులో కుదిరింది. ముక్కలు కోసి, బీరువా మీద పేపరు పరిచి, నెలకు పైగా ఆరబెట్టి, మొదటి ముక్క అమ్మ చేతిలో పెట్టాను. ఆమె స్నానం చేసి వచ్చేదాకా తలుపు బయటే నిలబడ్డాను.

"ఎట్లుంది మా?"

"శానా బాగుంది నాయనా. దురద సగం పాయ."

కొన్నాళ్ళకు మొత్తం పాయ అంది.

అమ్మ నోరు ఎలాంటిదో మా సందంతటికీ తెలుసు. పక్కింటి కొత్తకోడలు పాయసం తెచ్చిస్తే, "బియ్యం ఉడకల్యా, చక్కెర చాలల్యా" అని ఆ పిల్ల ఎదుటే చెప్పిన మనిషి. అలాంటి నోరు బాగుందంటే ఇక తిరుగేముంది? పులివెందులలో ఉన్న పెద్దమ్మకు కూడా పంపాను. "ఒళ్ళు ఎంత మెత్తగా అయిందంటే, మీ పెదనాయన నన్ను గుర్తుపట్టల్యా" అని ఫోను చేసింది.

సబ్బులు అరుగుతున్నాయి, నేను చేస్తూనే ఉన్నాను. ఆ రోజుల్లోనే అమ్మ పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుంది. బాగున్నాయి మా అన్నాను. ఇంట్లో ఇంకా గులాబీ వాసన వస్తుంటే, ఇన్నేళ్ళది గోడలకు పట్టి ఉంటుందనుకున్నాను. నా చొక్కా కాలర్లు కూడా అప్పుడే ఎన్నడూ లేనంత తెల్లగా మెరిసేవి. మంచి పని చేస్తే పుణ్యం ఎక్కడో ఒకచోట చేరుతుందంటారు. నాకు కాలర్లలో చేరుతోందనుకున్నాను.

ఒక ఆదివారం అమ్మ తర్వాత నేను స్నానానికి పోయాను. పెట్టెలో నా సబ్బు ఉంది. చేతిలోకి తీసుకుంటే దాని వీపున ఏదో తగిలింది. తిప్పి చూశాను. గులాబీ రంగు అతుకు. ఇంకా తడి ఆరలేదు. మధ్యలో బొటనవేలి ముద్ర కూడా స్పష్టంగా ఉంది, పోలీసులకు పని లేకుండా.

టవలు చుట్టుకుని వంటింట్లోకి పోయాను. అమ్మ వంకాయలు కోస్తోంది.

"ఏంది మా ఇది?"

చూసింది. అబద్ధం అలవాటు లేని మనిషికి రెండో అబద్ధం దొరకదు.

"చెయ్యి ఊరికుండల్యా నాయనా. ముక్క పారేయబుద్ధి కాల్యా."

ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. గులాబీ సబ్బు బీరువాలో చీరల మధ్య ఉంటుంది. టవల్లో చుట్టుకుని స్నానానికి తీసుకుపోతుంది. నాకు అనుమానం రాకుండా నా సబ్బును రోజూ కుళాయి కింద తడిపి పెడుతుంది.

"నీ సబ్బుతో పోసుకొని బడికి పోతే, 'ఏమక్కా, పొద్దున్నే బజ్జీలు కాల్చినావా' అనిరి. రెండో రోజు పిల్లోళ్ళు గూడా నా టిఫిన్ డబ్బా పక్క చూడబట్టిరి."

"మరి సబ్బు ఎట్ల అరిగె?"

ఆమె దండెం మీద ఆరుతున్న నా చొక్కా వైపు చూసింది.

"కాలర్లకు దాన్ని మించింది ల్యా."

పెద్దమ్మకు ఫోను చేశాను. "మీ యమ్మే అట్ల చెప్పమనె రా. వాడు మనసు పెట్టి చేస్తాండాడు, నొచ్చుకుంటాడు అనె. అయినా నీ సబ్బు దండగ కాల్యా. మీ పెదనాయన చేతుల్లో ట్రాక్టరు గ్రీజు దానికి తప్ప దేనికీ పోదు."

ఇంతవరకూ నేను నవ్వి ఊరుకోగలను. కాలర్లు, గ్రీజు, బజ్జీలు అన్నీ న్యాయమే. కానీ అప్పుడు నాకు జాకెట్లు గుర్తొచ్చాయి.

"దురద?"

అమ్మ మళ్ళీ వంకాయ అందుకుంది. నేనే ఆమె జాకెట్టు చేయి పైకి జరిపాను. గీతల మీద గీతలు, మునుపటికంటే ఎక్కువ. ఇన్నాళ్ళూ నా కంటపడకుండా లోపలి గదిలోకి పోయి గోక్కుంది. ఆమె చేతులు మానాలని చేసిన సబ్బును కాపాడటానికి ఆమె చేతులే ఇచ్చింది. నాకు ఇంత ద్రోహం ఎవరూ చేయలేదు.

"నా ముందర గోక్కుంటే ఏం పోతుండె మా?"

"నువ్వు చూస్తే ఇంకో రకం చేస్తావని."

ఆ పూట అన్నం తిననని ప్రకటించాను. వంకాయ కూర దించాక ప్రకటనను రాత్రికి వాయిదా వేశాను.

సాయంత్రం ఆమెను అంగడికి తీసుకుపోయాను. వాసన లేని సబ్బు ఇమ్మంటే అంగడాయన మమ్మల్ని జాలిగా చూశాడు.

"వాసన లేకుంటే సబ్బెందుకక్కా? ఇటికముక్కతో రుద్దుకోండి."

అమ్మ పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు, కోపంలో ఉన్నాను కాబట్టి. ఆయన లోపల వెతికి తెల్లటి సబ్బు తెచ్చేలోపు ఆమె చెయ్యి గులాబీ సబ్బుల వరస మీదికి పోయింది.

"మా!"

"ఊరికే చూస్తాండా రా."

ఇప్పుడు గీతలు మానుతున్నాయి. నేను సబ్బు చేయడం మానేశాను. నా కాలర్లు మళ్ళీ మామూలు మనిషి కాలర్లయ్యాయి. మొన్న పెట్టెలో సబ్బు తిప్పి చూశాను. తెల్లటి సబ్బు మీద తెల్లటి అతుకే. అయినా ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏ వాసనా లేదు. అంతటితో ఆగకుండా బీరువా తెరిచాను. చీరల మధ్య సబ్బు లేదు గానీ గులాబీ వాసన గుప్పుమంది.

"పాత వాసన రా అది" అంది వెనకనుంచి అమ్మ.

అయి ఉంటుంది. అమ్మ అబద్ధం చెప్పదు కదా.