అటక మీది గుమ్మం, మాడని అన్నం

ఆ రోజుల్లో నడిసముద్రంలో ఉన్న మా డాలీగంజ్ నుంచి ఒక మనిషి కదలాలంటే అదొక పెళ్లి పని. విశాఖ ఓడ ఏ రోజు బయలుదేరుతుందో జెట్టీ దగ్గర బోర్డు మీద రాసేవారు, గాలి మారితే చెరిపి మళ్లీ రాసేవారు. వెళ్లేది ఒక్కరే అయినా పరుపుచుట్ట, నీళ్ల డబ్బా, అటుకులు, ఆవకాయ జాడీ, పెట్టె కట్టడానికి తాడు, వాంతులు రాకుండా వాసన చూసుకోవడానికి నిమ్మకాయలు, ఇన్నీ సర్దాలి. చుట్టుపక్కల వాళ్లందరూ వాకిట్లో చేరి ఏమేం మర్చిపోయారో గుర్తు చేసేవారు. (తమకు తేవలసినవి కూడా వాళ్లకు అప్పుడే గుర్తుకొచ్చేవి.) చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడమన్నది మా దీవిలో దొంగల వల్ల కూడా కాదు, ఓడలో పేరు రాయించుకోకుండా దొంగ మాత్రం ఎక్కడికి పోతాడు? అలాంటి చోట పెరిగినదాన్ని. ఒక పుస్తకంలో ఇద్దరు పిల్లలు తల్లికి ఒక్క మాట చెప్పకుండా, చేతిలో ఒక్క నిమ్మకాయైనా లేకుండా ఏకంగా వేరే లోకానికి నడిచిపోతే చూస్తూ ఎలా ఊరుకుంటాను? ఊరుకోలేదు. దానికి తగిన శాస్తి కూడా జరిగింది. అయినా ఆ పుస్తకం మీద నా కోపం ఇన్నేళ్లకూ తగ్గలేదు.

మొన్న మా మనవరాలు (ఎనిమిదో క్లాసు, తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం చేపలో ముళ్లు ఏరినట్టు అక్షరాలు ఏరుతుంది) నా పెట్టె తెరిచి సరిగ్గా ఆ పుస్తకాన్నే బయటికి తీసింది. "మామ్మా, ఇంట్లో మాట్లాడే భాషలో ఒక పుస్తకం చదివి, దాంట్లో ఏం బాగుంది, ఏం కమీ ఉంది రాసి తెమ్మన్నారు మేడమ్. ఇది నువ్వు చదివి పెట్టవా," అంది. కమీ, అంటే లోపం, అన్న మాట చెవిన పడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. అయిపోయిన క్యాలెండర్ కాగితాలు వెనక వైపు రాసుకోవడానికి దాచి ఉంచుతాను. నాలుగు తీసి ఇచ్చి, లోపాలకు మూడు ఉంచుకో, మంచికి ఒకటి చాలు, అదీ సగం మిగులుతుంది అన్నాను. ఈ పంచాయితీ నేను ఇదివరకే ఒకసారి తేల్చినదాన్ని మరి.

అప్పుడు నాకు పదమూడేళ్లు. మా అమ్మ కడుపులో గడ్డకు ఆపరేషన్ చేయించుకోవడానికి విశాఖ వెళ్లింది. నెల అనుకున్నది నాలుగు నెలలైంది. నాన్న పొద్దున్నే జెట్టీ పనికి పోయేవాడు, మూడేళ్ల చెల్లి నా చంక దిగేది కాదు. ఆరో క్లాసులో నా పేరు ఉందన్నమాటే గానీ గరిటె పట్టిన చేతికి పుస్తకం అందలేదు. అమ్మ తిరిగొచ్చేసరికి బడిలో పేరు కొట్టేశారు. (అమ్మ ఓడ నిచ్చెన దిగి చేతులు చాపితే మా చెల్లి నా వెనక నక్కి, "ఎవరావిడ?" అని అడిగింది. ఆ మాట ఇక్కడ ఎందుకంటే, తరవాత పనికొస్తుంది.) అమ్మ ఇంకా బరువులు ఎత్తకూడదు కనుక పొయ్యి నాదగ్గరే ఉండిపోయింది.

మా వెనకింట్లో కాకినాడ వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన టీచరమ్మ ఉండేది. ఆవిడ వరండాలో ఒక ఆకుపచ్చ ట్రంకుపెట్టె, దాని నిండా మెయిన్‌లాండ్ నుంచి ఎవరో తెలుగు సంఘం వాళ్లు పంపిన పిల్లల పుస్తకాలు. మా వాడ పిల్లలకు తెలుగు చెవికి తెలుసు గానీ కంటికి తెలియదు. (నాకు మాత్రం అమ్మ ఇంట్లోనే అక్షరాలు నేర్పింది.) ఒకరోజు టీచరమ్మ నన్ను పిలిచి, "చేపలమ్మే అబ్బితో నువ్వు బేరం ఆడుతుంటే మా పెరట్లోకి వినిపిస్తుంది. ఆ గొంతుతో సాయంత్రం ఒక గంట పిల్లలకు చదివి పెట్టు," అని పెట్టె తాళంచెవి దారానికి గుచ్చి నా మెడలో వేసింది. ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి అప్పటికి నాకు ఇంకో వస్తువు లేదు. స్నానానికి కూడా తీసేదాన్ని కాదు. ఆ గంట కోసం పొద్దున్నుంచీ పనులు పరుగులు పెట్టించేదాన్ని.

ఇక ఆ పెట్టెలోని నవల సంగతి. అన్నాచెల్లెలు సెలవులకు అమ్మతో కలిసి మామయ్య ఊరు వెళ్తారు. అక్కడ అటక మీద గోడకు ఆనించి ఒక పాత గుమ్మం, తలుపులతో సహా. దాని వెనక ఉత్త గోడే. తలుపు తోస్తే మాత్రం వెండి చెట్ల అడవి, మాట్లాడే పిట్టలు, ఏళ్ల తరబడి నిద్రపట్టని ఒక రాణి. ఆవిడ నిద్రపోదు కాబట్టి ఆ రాజ్యంలో చీకటే పడదు. బాగానే ఉంది. కానీ చీకటి పడని రాజ్యంలో కోట నిండా వెయ్యి దీపాలు వెలుగుతున్నాయని రాశాడు ఆ మహానుభావుడు. ఎందుకు వెలిగించినట్టు? నూనె ఎవరి అబ్బ సొమ్ము? విందులో పిల్లలు ఒక్కో పండూ ఒక్కో కొరుకు కొరికి పక్కన పెట్టేశారట, అదొక గొప్ప. ఇంకా ఘోరం, తెలియని చోట తెలియని పిట్ట రమ్మంటే వెనకాలే వెళ్లిపోవడం. మొదటి రోజు మూడు పేజీలు చదివేసరికి నా ఒళ్లు మండిపోయింది. చుట్టూ ఏడుగురు పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. రేపు వీళ్లలో ఏ ఒక్కరైనా ఇలాగే చెప్పకుండా వండూర్ వైపు సముద్రానికి నడిచిపోతే పాపం ఎవరిది? చదివినదానిది కాదూ?

అందుకని కథను బాగుచేశాను. పెన్సిల్ ముక్కతో అంచుల్లో రాసుకుని, అచ్చులో ఉన్నట్టే గొంతు మార్చకుండా చదివేదాన్ని. నా చేతుల్లో పడ్డాక అన్నాచెల్లెలు ముందు అమ్మకు చెప్పారు. అమ్మ వద్దంది. మూడు రోజులు బతిమాలారు. తరవాత గుమ్మం ఎప్పుడు తెరుచుకుంటుందో అటక మెట్ల దగ్గర బోర్డు చూసుకున్నారు; గాలి బాగాలేదని రెండుసార్లు వాయిదా పడింది. నీళ్ల డబ్బా, అటుకులు, ఆవకాయ, తాడు, నిమ్మకాయలు సర్దుకున్నారు. కోటలో దీపాలు చెల్లెలు ఒక్కొక్కటే ఆర్పింది, కొరికిన పండ్లన్నీ ఏరి పచ్చడి చేసింది. పిల్లలకు ఇది ఎంత నచ్చిందంటే సామాను పట్టీ వస్తే అందరూ కలిసి పాటలా పాడేవారు.

అన్నిటికన్నా నన్ను మండించింది చివరి పేజీ. అన్ని రోజులు ఆ లోకంలో తిరిగి పిల్లలు అటక దిగివస్తే, ఇక్కడ పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతూనే ఉందట. వీళ్లు వెళ్లిన సంగతే ఎవరికీ తెలియదట. ఇంత పచ్చి అబద్ధం అచ్చులో వేస్తారా అనిపించింది నాకు. ఒక మనిషి గుమ్మం దాటి వెళ్లాక ఇంట్లో కాలం ఆగుతుందా? అన్నం దానంతటది ఉడుకుతుందా? ఇంట్లో చంటిదాని ముక్కు ఎవరు తుడిచారు? ఆ పేజీ మీద పెన్సిల్ గట్టిగా పడింది. నా కథలో పిల్లలు దిగివచ్చేసరికి నాలుగు నెలలైపోయింది, అన్నం మాడి గిన్నెకు కన్నం పడింది, ఇంట్లో ఉన్న చిన్న చెల్లి (ఇది నేను చేర్చినదే) వాళ్లను చూసి ఎవరు మీరు అంది. గొణుగుడు చిట్టి (ఏడేళ్లది, ప్రతిదానికీ గొణిగేది) ఆ రోజు గొణక్కుండానే లేచి వెళ్లిపోయింది. నాకు గర్వంగా కూడా అనిపించింది, ఏం దాచాలి.

నెల తిరక్కుండా పుస్తకాలు పంపిన సంఘం పెద్దాయన ఓడలో దిగాడు. పిల్లలు చదువుతున్నట్టు తేలితే రెండో పెట్టె పంపిస్తారట. టీచరమ్మ వరండా కడిగించి, ఉన్న ఒక్క కుర్చీ వేసింది. పెద్దాయన మూడు రోజులు ఓడలో వాంతులు చేసుకుని వచ్చాడేమో, నేల మీద కూడా ఊగుతూనే నడిచాడు. మా నవలే చేతిలోకి తీసుకుని (సంఘం దగ్గరున్న ఇంకో ప్రతి వెంట తెచ్చుకున్నాడు, లేకపోతే నా పెన్సిలు అప్పుడే బయటపడేది) గుమ్మం కనబడగానే అన్నాచెల్లెలు ఏం చేశారమ్మా అని చిట్టిని అడిగాడు.

"అమ్మకి చెప్పినారు," అంది చిట్టి. "అమ్మ వద్దంది. మూడు రోజులు రోజూ అడిగినారు."

ఆయన పేజీ తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు. "తరవాత?" అన్నాడు.

"బోర్డు చూసినారు. మౌసమ్ ఖరాబ్ అని గుమ్మం తెరవలేదు," అంది చిట్టి.

ఆ పైన ఆపడం ఎవరి తరం కాలేదు. ఏడుగురూ లేచి నిలబడి నీళ్ల డబ్బా, అటుకులు, ఆవకాయ అంటూ పట్టీ అందుకున్నారు. నిమ్మకాయల దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన ముఖం అదోలా అయింది. నేను స్తంభం వెనక నిలబడి మెడలో తాళంచెవి గుప్పిట్లో బిగించుకున్నాను. చివరికి ఏమైంది అని ఆయన అడిగితే అన్నం మాడిపోయిందని చిట్టి చెప్పి, చిన్న చెల్లి గుర్తుపట్టలేదు అంటూనే ముక్కు ఎగబీల్చింది. అప్పుడాయన చివరి పేజీ తీసి అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివాడు. అన్నం ఇంకా కుతకుతలాడుతోంది, అమ్మ తల తిప్పి, చేతులు కడుక్కుని రండర్రా అంది. అంతే. పిల్లలు ఏడుగురూ నావైపు తిరిగారు.

"దీదీ, ఝూట్ ఎందుకు చదివినావు?" అంది చిట్టి. "నాను రెండు రోజులు అన్నం తిన్లేదు."

టీచరమ్మ చెయ్యి చాపింది. నేను తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాను. మెడ ఒక్కసారి చల్లబడినట్టయింది. ఇక పోయేదేముంది అనుకుని నోరు తెరిచాను. దీపాల నూనె దగ్గర మొదలుపెట్టి, కొరికిన పండ్లు, పిట్ట వెనక పోవడం, చెప్పకుండా పోవడం, అన్నీ ఏకరువు పెట్టి, మాడని అన్నం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు చేపల బేరం దాటి జెట్టీ దాకా పోయింది. మనిషి వెళ్తే ఇంట్లో కాలం ఆగదండి, నేను చూశానండి, నాలుగు నెలలు నేనే వండానండి అన్నాను. పెద్దాయన పుస్తకం మూసి, కుర్చీలో ఊగుతూనే, "ఇవన్నీ లోపాలు. బాగున్నది ఒక్కటైనా చెప్పమ్మా," అన్నాడు.

"ఏటీ లేదండి," అన్నాను.

"ఉంది," అంది చిట్టి, గొణుగుతూ. "రాణి పడుకున్న కాడ దీదీ మూడుసార్లు చదివింది. మేం అడగలేదు."

ఇంటి దొంగ అంటే ఇదే. నిజమే, ఆ పేజీ ఒక్కటే నేను ముట్టుకోలేదు. వైద్యులు, మంత్రగాళ్లు ఎవరూ నిద్రపుచ్చలేని రాణి పక్కన ఆ చెల్లెలు కూర్చుని, నువ్వు లేచేదాకా అన్నీ నేను చూసుకుంటాలే, పడుకో అంటుంది. రాణి పడుకుంటుంది. ఆ లోకంలో మొదటిసారి చీకటి పడుతుంది. ఆ మాట నాతో ఎవరూ అనలేదని నేను అక్కడ చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది, టీచరమ్మ నా ముఖంలోకి చూసి, ఎందుకో చీర కొంగు సర్దుకుంది.

తాళంచెవి నాకు తిరిగి వచ్చింది, ఒక షరతు మీద. ముందు ఉన్నది ఉన్నట్టు చదవాలి, పుస్తకం మూశాక ఎంతసేపైనా తిట్టుకోవచ్చు. రెండో పెట్టె కూడా వచ్చింది. వెళ్లేటప్పుడు పెద్దాయన మా ఇంటి గుమ్మంలో ఆగి, కాస్త మొహమాటపడుతూ నిమ్మకాయలున్నాయా అని అడిగాడు. నాలుగిచ్చాను. నా కథలోంచి కనీసం ఒక్కరు బాగుపడ్డారు. పెన్సిల్ రాతల పుస్తకం, బదిలీ అయి వెళ్తూ టీచరమ్మ నాకే ఇచ్చేసింది.

మొన్న మనవరాలికి చదివినప్పుడు కూడా ఆ షరతు తప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను, కళ్లద్దాలు పెట్టుకుని, నా రాతలు దాటుకుంటూ. చివరికి వస్తుండగా అన్నం పొయ్యి మీద ఉందని లేవబోతే అది నా భుజం పట్టి కూర్చోబెట్టింది. "నువ్వు చదువు మామ్మా. అన్నం నేను చూసుకుంటాలే," అంది. జన్మలో పొయ్యి ఇంకొకరి మీద వదిలి ఎరగనిదాన్ని, ఆ మాటకు కూర్చుండిపోయాను. రాణి పడుకున్న పేజీ దగ్గరికి వెనక్కి వెళ్లి మళ్లీ ఒకసారి చదివాను. అది చెంపకు చెయ్యి ఆనించుకుని వింది. లోపాల కాగితాలు మూడూ నిండాయి, మంచి కాగితం మీద ఒక్క వాక్యం పడింది. అప్పుడు వాసన వచ్చింది.

వెళ్లి చూస్తే గిన్నె అడుగు నల్లగా మాడిపోయింది. ఇద్దరం పుస్తకంలో ఉన్నంతసేపూ ఇంట్లో కాలం శుభ్రంగా నడిచింది. మనవరాలిని దులపాల్సినంతా దులిపాను. పారేయడానికి చేతులు రాక, మాడుచెక్క గోకి కాస్త మజ్జిగ పోసుకుని నేనే తిన్నాను. తింటుంటే ఆ పదమూడేళ్ల పిల్ల గుర్తొచ్చింది. స్తంభం వెనక నిలబడి ఇది చూసి ఉంటే, చెప్పానా, అన్నం మాడకుండా ఎలా ఉంటుంది అని ఎంత సంబరపడేదో. దానికి కూడా ఒక ముద్ద పెట్టాలనిపించింది.