బండి మెడ విప్పిన మా మేనత్త

నేను పెద్దగా చదువుకున్న మనిషిని కాదు. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ తప్పుతాయో నాకే తెలియదు. అయినా మా మేనత్త సంగతి రాయకుండా ఉండలేను.

నా చిన్నప్పుడు మా ఊళ్లో బడి లేదు. అందుకని నన్ను రఘునాథపల్లి దగ్గర మా మేనత్త ఇంట్లో ఉంచారు. మామయ్య మోటారు సైకిల్ మీద పల్లెలు తిరిగి పాలు తెచ్చి పాలకేంద్రంలో పోసేవాడు. ఒకనాడు కుక్క అడ్డమొచ్చి పడ్డాడు. కాలు విరిగి మంచాన పడ్డాడు. బండికి ఏమీ కాలేదు. కానీ మామయ్య తల్లి, మేం ముసలవ్వ అనేవాళ్లం, దానికి దిష్టి తగిలిందని ప్రతి మంగళవారం చెంబెడు పసుపు నీళ్లు హ్యాండిల్ నడుమ పోసేది. కొడుకు మీద ప్రేమ అది. తప్పు పట్టలేం.

మామయ్య లేవలేడు కాబట్టి ఆయన అన్న, మా పెద్దమామ, పాలకు పోయేవాడు. వానాకాలం అయిపోయేసరికి హ్యాండిల్ సాఫీగా తిరగక మొరాయించింది. ముసలవ్వ ఇంకో చెంబు పోసింది. ఇంకా మొరాయించింది.

"ఎవరో పట్టి గుంజినట్లే అయితాంది. దీనికి గాలి సోకింది. వచ్చే అంగట్ల అమ్మేద్దాం" అన్నాడు పెద్దమామ.

బండి పోతే పాలు పోతాయి. అత్తమ్మ, అదే మా మేనత్త, కూలికి పోవాలి, నేను బడి మాని ఇంటికి పోవాలి. నేను తలుపు వెనక ఏడుస్తుంటే అత్తమ్మ చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది. ఇంజను కింద రాయి పెట్టి ముందు చక్రం గాలిలోకి లేపింది.

"కండ్లు మూసుకొని హ్యాండిల్ తిప్పు బిడ్డా. యాడ ఆగుతదో చెప్పు."

తిప్పాను. సరిగ్గా నడుమ టక్కున ఆగింది. మళ్లీ తిప్పినా అక్కడే.

"సూసినవా? దయ్యమైతే ఒక్కోపారి ఒక్కో కాడ పడుతది. గిది ఎప్పుడు జూసినా ఒక్క కాడనే. అంటే ఇనుము సంగతే."

చీర కచ్చ కట్టి పానా పట్టింది. మామయ్య మంచంలోంచే ఒక్కొక్కటి చెప్పాడు. హ్యాండిల్ కింద మెడ విప్పితే తుప్పు నీళ్లు కారాయి. లోపల తిరిగే ఇనుప గుండ్లకు గ్రీజు చుక్క లేదు. ఎర్రగా తుప్పు పట్టి, తాము కూర్చున్న గిన్నెలకే గుంటలు చేశాయి. కుదుపు ఆపే ముందు షాకుల్లో నూనె కూడా నీళ్లు కలిసి చాయ్ లాగా అయింది.

జనగామ నుంచి కొత్త గుండ్లూ గిన్నెలూ తెప్పించి, గ్రీజు దట్టించి, షాకుల్లో కొత్త నూనె పోసింది.

"మరీ బిగియ్యకే, మెడ పట్టేస్తది" అన్నాడు మామయ్య.

"నీ నోరు పట్టేస్తే బాగుండు, జర పని చేసుకోనియ్యి" అంది అత్తమ్మ.

వదిలేస్తే హ్యాండిల్ తన బరువుకే పక్కకు వాలింది. అదే సరైన బిగింపట.

తెల్లారి పాల క్యాన్లు కట్టి తనే ఎక్కింది. చేనులో మామయ్యే నేర్పించాడు లెండి, ఆ సంగతి ఊరికి తెలియదు. పెద్దమామ అడ్డం నిలబడ్డాడు.

"ఆడిదానివి బండెక్కుతవా? ఊరంత నవ్వుతది."

"నవ్వనీ బావా. నవ్వితే పాలిరగవు కద!"

పోయింది. సాయంత్రానికి ఖాళీ క్యాన్లతో చక్కగా వచ్చింది. బండి అమ్మలేదు, నేను బడి మానలేదు. మంగళవారం ముసలవ్వ మళ్లీ చెంబు తెస్తే అత్తమ్మ కసరలేదు. "చక్రానికి పొయ్యత్తా, మెడకొద్దు" అంది. ముసలవ్వ చక్రానికే పోసింది.

ఎన్నో ఏళ్లకు, మా ఆయన పోయాక నన్ను పెళ్లిళ్లలో ముందుకు రావద్దన్నారు. ఎదురొస్తే చెడు జరుగుతుందట. నేను ఒక్కటే అడిగాను: "ప్రతిసారీ జరిగిందా? యాడ జరిగింది, సూపెట్టుండ్రి." నా మనవరాలి పెళ్లిలో మొదటి అక్షింతలు నేనే వేశాను. ఇక ముందు కూడా వేస్తాను.

రాతలో తప్పులుంటే పెద్ద మనసు చేసుకుని మన్నించండి. మా అత్తమ్మ చేసిన దానికి మాత్రం మన్నింపు అడగను.