బిళ్ళకీ బొండానికీ రాజీ

ఆ రోజుల్లో నాకు తెలిసిందాని కన్నా చెప్పాలన్న ఉబలాటమే ఎక్కువ. బీఫార్మసీ పూర్తిచేసి సామర్లకోటలో ఒక మందుల షాపులో కొత్తగా చేరాను. దగ్గుమందు అడిగినవాళ్ళకి కూడా ఊపిరితిత్తుల పాఠం చెప్పి పంపేవాణ్ణి (మర్నాడు వాళ్ళు ఎదురు షాపుకి వెళ్ళేవారు). అలాంటి నాకు కోనసీమలో ఉండే మా పెద్దమావయ్య దొరికారు. ఆయన బీపీకి డాక్టరుగారు రెండు మందులు కలిపిన బిళ్ళ రాశారు. తర్వాత రక్తపరీక్షలో పొటాషియం ఎక్కువుందని తేలి, కొబ్బరినీళ్ళు మానెయ్యమన్నారు. ఎందుకో విడమరిచి చెప్పే భాగ్యం నాకు దక్కింది.

"మావయ్యా, ఆ బిళ్ళలో ఒక మందు పొటాషియాన్ని ఒంట్లోంచి సరిగా బయటికి పోనివ్వదండి. కొబ్బరినీళ్ళలో ఉండేది అదే. మరీ ఎక్కువైతే గుండెకి ముప్పు."

"అంటే బిళ్ళకీ బొండానికీ పడదంటావు."

"అంతేనండి."

"ఈ మాత్రం దానికి ఇంతసేపేంట్రా?" అన్నారు.

మావయ్య ఊళ్ళో పొలంగట్ల తగాదాలు తీర్చే పెద్దమనిషి. ఏ ఇంటికెళ్ళినా కూర్చునేలోపే బొండం కొట్టి చేతికిస్తారు. వద్దంటే అవతలి పక్షానికి మొగ్గాడనుకుంటారు. ఆ సంగతి నా చదువులో లేదు.

నెల తిరక్కుండానే అత్తయ్య ఫోన్ చేసి ఏడ్చింది. "మీ మావయ్య కళ్ళు తిరిగి పడిపోయారురా. బీపీ బాగా పెరిగిపోయిందంట." దొరికిన బస్సెక్కాను. ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆయన మంచం మీద కూర్చుని నర్సుగారి ఊరి తగాదా ఏదో వింటున్నారు.

"బిళ్ళ వేసుకోవట్లేదా మావయ్యా?"

"బొండం తాగని రోజు వేసుకుంటున్నాను కదరా! పడనివాళ్ళని ఎవరైనా ఒకే పంక్తిలో కూర్చోబెడతారా?"

"తాగని రోజేదీ? ఈ నెలంతా తగాదాలే!" అంది అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

డాక్టరుగారు మావయ్యకీ నాకూ కలిపి తలంటు పోశారు. బిళ్ళ మాత్రం ఒక్కరోజు కూడా మానకూడదన్నారు. ఇక అత్తయ్య ఊరంతా చెప్పొచ్చింది, ఆయనకి మజ్జిగే ఇవ్వాలని. మావయ్య చాలాసేపు ఆలోచించి, "రెండు పక్షాలూ మజ్జిగే ఇస్తే నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. తర్వాత చాలా ఏళ్ళు ఆరోగ్యంగానే ఉండి, నిండు వయసులో వెళ్ళిపోయారు.

ఇప్పుడు అదే బిళ్ళ నేనూ వేసుకుంటున్నాను. మొన్న కోనసీమలోనే ఒకరింటికి వెళ్తే, ఇంటాయన బొండం పట్టుకుని కత్తి ఎత్తాడు. పొటాషియం అని మొదలుపెట్టబోయి ఆగాను.

"నా బిళ్ళకీ దానికీ పడదండి. మజ్జిగుంటే ఇప్పించండి" అన్నాను.

ఆయనకి వెంటనే అర్థమైంది. మజ్జిగ తాగుతుంటే మావయ్య గుర్తొచ్చి నవ్వొచ్చింది, కాస్త దిగులూ వేసింది. మావయ్యే ఉంటే, ఆ గ్లాసు ముట్టుకునేలోపే పక్కింటివాళ్ళు కూడా మజ్జిగే ఇస్తారో లేదో కనుక్కునేవారు.