లింగన్న నేర్పిన ఎస్ అక్షరం

"తమ్మీ, మీ అన్న పోయిండు" అని లింగన్న భార్య ఫోన్‌లో చెప్పినప్పుడు, ఏ అన్న అని అడిగాను. లింగన్న పోతాడని మనసు ఒప్పుకోలేదు. చంద్రాపూర్‌లోని బొగ్గుగని కార్యాలయంలో ఆయనా నేనూ తొమ్మిదేళ్లు ఒకే గదిలో పనిచేశాం.

పదకొండో దినం నాడు వదినే అడిగింది: "మీ ఉద్యోగుల సంఘం పత్రికల ఆయన గురించి నువ్వే రాయాలె. ఆయన సంగతి నీకెరికైనంత ఎవలికెరిక?" తేదీలు సరిచూసుకోవడానికి పాత డైరీలు దించాను.

గనుల కంప్యూటర్లన్నిటినీ కలిపే పెద్ద నెట్‌వర్క్ స్విచ్చి మా గదిలో ఉండేది. టైపిస్టుగా వచ్చిన నాకు అదంటే భయం. "షో ఐపీ రూట్ అని కొట్టు. అదేం కరువదు" అన్నాడు లింగన్న. తెర నిండా అంకెలు వచ్చాయి. ఏ గనికి వెళ్లే సమాచారం ఏ దారిన పోవాలో చెప్పే పట్టిక అది.

"అంకెలు తర్వాత. ముందుగాల వరుస మొదట్ల అక్షరం సూడు. సీ అంటే మన స్విచ్చికే తగిలున్నది. ఓ అంటే పక్క స్విచ్చిలు చెప్తె నేర్సుకున్నది, ఒక తొవ్వ బందైతే ఇంకోటి ఎతుక్కుంటది. ఎస్ అంటే మనిషి చేత్తోని రాసింది. అవుతల తొవ్వ తెగినా గటే తోలుతది, మొండిది."

రోజూ ఉదయం ఆ పట్టికను డైరీలోకి ఎక్కించేవాణ్ణి. "రాసుడే గాని సదువుడు లేదేందిర రాజం! జిరాక్స్ మిషన్‌వా?" అని నవ్వేవాడు.

మా ఆవిడకు ఆపరేషన్ అయినప్పుడు మూడు రోజులు నన్ను గదివైపు రానివ్వలేదు. "స్విచ్చిని నేను సూసుకుంట. నువ్వు చెల్లెను సూసుకో" అన్నాడు. బుధవారం పనిలోకి వచ్చాను. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఒంటరిగా స్విచ్చి ముందు కూర్చుని ఏవో ఆదేశాలు కొట్టాను.

గురువారం రాజురా గనితో సంబంధం తెగిపోయింది. అక్కడ బొగ్గు తూచే కాటా దగ్గర లారీలు పొద్దంతా నిలబడ్డాయి. పట్టికలో రాజురా వరుస ముందు ఎస్ ఉంది. ఆ సమాచారాన్ని పాత రేడియో లింకుకు మళ్లిస్తూ ఎవరో చేత్తో రాశారు. ఆ లింకు అవతలి కొస ఆ ఉదయమే పాడైంది. పాస్‌వర్డ్ తెలిసినవాళ్లం ఇద్దరమే. తాను రాయలేదనీ, నిన్న రాజం ఒక్కడే కూర్చున్నాడనీ లింగన్న మేనేజర్‌కు హిందీలో చెప్పాడు.

నా చెయ్యే తప్పిందనుకున్నాను. నన్ను స్టోరుకు మార్చారు. పనికిరానివాడన్న పేరుతో అక్కడే రిటైరయ్యాను. లింగన్న చేతులు పట్టుకుని క్షమించమని అడిగాను. "పోనియ్ రాజం, ఎవలికైన అయితది" అన్నాడు. ఎంత మంచి మనసు అని ఆ మాటను డైరీలో రాసుకున్నాను కూడా.

ఇప్పుడు ఆ బుధవారం పేజీ నా ముందుంది. ఉదయం గదిలోకి వచ్చి, స్విచ్చిలో ఏమీ మార్చకముందే ఎక్కించిన పట్టిక. రాజురా వరుస ముందు ఎస్ ఉంది. అది నా దస్తూరీయే. ఇన్నేళ్లూ సాక్ష్యం నా బీరువాలోనే ఉంది, నేను చదవలేదు. నేను చదవనని ఆయనకు తెలుసు.

పేజీ తీసుకెళ్లి వదినకు అంతా చెప్పాను. "ఉన్నదున్నట్టే రాయి తమ్మీ" అంది.

అంత ఓపికగా నాకు నేర్పిన మనిషి మరొకరు లేరు, ఇక రారు. "నేనే రాసిన" అని చెప్పవలసిన నోరు కూడా ఆయనతోనే పోయింది. నమస్కారం లింగన్నా. పట్టిక చదివాను.