ఖాలమ్మ ఇంటి ఫోన్ నంబరు

మొన్న మా బండి మీద బజ్జీలు కట్టడానికి తెచ్చిన పాత కాగితాల్లో కరీంనగర్ టెలిఫోన్ డైరెక్టరీ ఒకటి వచ్చింది. నా చిన్నప్పటిది. అట్ట ఊడిపోయింది, అంచులు చాయ్‌లో ముంచిన బిస్కెట్టులా మెత్తబడ్డాయి. నేను చూసుకోకుండా ముందు పేజీలు చింపేశాను. ఊళ్లోని కొందరు వకీళ్లు, డాక్టర్లు అప్పటికే నూనె పీల్చుకుని గిరాకీల వెంట వెళ్లిపోయారు. బండి పక్కన పీట మీద మిరపకాయలు చీరుతున్న అవ్వ, అంటే మా అమ్మ, అదేం పుస్తకమో చెప్పగానే చెయ్యి ఆపింది. "చింపకు బిడ్డా. అండ్ల ఖాలమ్మ ఉంటది," అంది.

ఖాలమ్మ మా పాత గల్లీలో పక్కింటామె. ఆమె భర్తను చిన్నాయన వరసలో చాచా అనేవాళ్లం. అలాగైతే ఆమెను చాచీ అనాలి, మేం అమ్మ చెల్లెల్ని పిలిచినట్టు ఖాలమ్మ అన్నాం, వాళ్లు దిద్దలేదు. బాపు, మా నాన్న, మస్కట్‌లో పని చేసేటప్పుడు గల్లీ మొత్తానికి ఫోన్ వాళ్లింట్లోనే. అక్కడ సెలవు గనక శుక్రవారం బాపు ఫోన్ చేసేవాడు. ఖాలమ్మ ఎత్తి, "లైన్ మీదుండు భాయ్, పిలుస్త" అని, రిసీవర్‌ను పసిపిల్లలా పూలగుడ్డ మీద పడుకోబెట్టి, గాజుల చేత్తో మా గోడ మీద కొట్టేది. అవ్వ పిండి చేతులతోనే ఉరికేది. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు గుర్తులేదు. అత్తరు వాసన, ఉడుకుతున్న చాయ్ వాసన గుర్తున్నాయి. ఆ గదిలో ఎండ కూడా చెప్పులు విడిచి మెల్లగా నడిచేది.

తర్వాత రోడ్డు వెడల్పయింది, మా రెండిళ్ల గోడలు పోయాయి, ఎవరి దారిన వాళ్లం పోయాం. ఆపైన బాపు కూడా పోయాడు. అప్పట్నుంచి అవ్వది ఒకటే మాట, ఖాలమ్మతో ఒక్కసారి మాట్లాడాలని. బిర్యానీ యాదికొచ్చిందా అని ఎగతాళి చేస్తే నవ్వలేదు.

"మీ బాపు మాట నాకంటె ముందు ఆమె చెవులనే పడేది. గా గొంతు యాదికున్నోళ్లు ఇంకెవరున్నర్రా?"



వెతకలేదని కాదు. పాత గల్లీకి పోయి ఖాలమ్మ ఎక్కడని అడిగితే, ముసలి దర్జీ ఒకాయన కత్తెర ఆపి, "ఏ ఖాలమ్మ? గీ గల్లీల ఇంటికో ఖాలమ్మ ఉన్నది" అన్నాడు. అన్నేళ్లు గోడ పంచుకున్నా వాళ్ల పేర్లు మాకు తెలియవు. వరస ఉండగా పేరుతో పనేముంది? డైరెక్టరీలో మాత్రం వరసలుండవు.

కానీ అక్షరమ్ముక్క రాని అవ్వకు ఆ నంబరు నోటికి వచ్చు. మస్కట్ పోయే ప్రతివాడికీ అప్పజెప్పిందాయె. అందరూ పేరు పట్టుకుని నంబరు వెతికితే, నేను నంబరు పట్టుకుని పేరు వెతికాను. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ని. అంకెలు వచ్చు, ఇంగ్లీషు అక్షరాలను మొహం చూసి గుర్తుపడతాను. బజ్జీలతో పోయిన పేజీల్లోనే చాచా కూడా పోయాడేమోనని భయం. పొయ్యి ఆర్పేసి, వరుస వెంట వేలు నడిపించాను. చివరి పేజీల్లో దొరికాడు. పేరు కూడబలుక్కుని చదివితే అవ్వ కొత్తమనిషి ఎదురైనట్టు కొంగు సర్దుకుంది.

మళ్లీ పాత గల్లీకి పోయి ఆ పేరు చెప్పగానే దర్జీ, "ముందుగాలనే చెప్పద్దా" అని కసిరి, చాచా లేడని, ఖాలమ్మ హుస్నాబాద్‌లో బిడ్డ దగ్గరుందని చెప్పి నంబరిచ్చాడు.

బిడ్డే ఎత్తింది. అమ్మకు మతి అటూఇటూ పోతుందని చెప్పి ఫోన్ చేతికిచ్చింది. తీరా అవ్వ, స్పీకర్‌లో పెట్టిన ఫోన్‌ను నా ముందుకు జరిపింది. నేనే, "ఖాలమ్మా, మీ పక్కింటామె కోసం చేసినం" అన్నాను.

అటువైపు ఖాలమ్మ గొంతు: "లైన్ మీదుండు భాయ్, పిలుస్త."

ఫోన్ మెత్తగా దేనిమీదో పెట్టిన చప్పుడు. గాజులు. హుస్నాబాద్‌లో ఏదో గోడ మీద దెబ్బలు.

కట్ చేసి మళ్లీ చేద్దామని చెయ్యి చాచాను. అవ్వ పిండి చేత్తోనే నా మణికట్టు పట్టుకుంది. ఫోన్ మీదికి వంగి, చిన్నగా, "వస్తున్న ఖాలమ్మా" అంది.

పోయిన కాలం ఎక్కడికీ పోదేమో. గోడలన్నీ కూలినా, ఎవరో ఒకరు లైన్ మీద ఉన్నంతసేపు, అవతల గాజుల చెయ్యి కొడుతూనే ఉంటుంది.