హ్యాండ్‌బ్యాగులో పట్టే పిస్తోలు

సంజీవమ్మది రాజంపేట పక్కన ఒక పల్లె. కువైట్‌లోని జాబ్రియాలో బదరియా మామా ఇంటికి వంటమనిషిగా వచ్చింది, ఇరాక్ సైన్యం ఆ దేశంలో దిగడానికి రెండేళ్ల ముందు. అక్కడ పనివాళ్లు యజమానురాలిని మామా అని పిలుస్తారు. మామా బ్యాంకులో ఆఫీసరు. గట్టిగా మాట్లాడేది, గట్టిగా నవ్వేది. ఉప్పు ఎక్కువైతే పళ్లెం తోసేసేది, కాసేపటికి తనే వంటింట్లోకి వచ్చి టీ పెట్టమనేది. ఆమెతో వేగడం కష్టమే గానీ, ఆమెను ఇష్టపడకుండా ఉండడం ఇంకా కష్టం.

ఆ ఆగస్టులో ఒక మధ్యాహ్నం సైనికులు ఇంట్లోకి వచ్చారు. తలుపు కొట్టలేదు. హాల్లో సుఫ్రా పరిచి ఉంది. నేల మీద పరుచుకుని ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని తినే గుడ్డ అది. వాళ్లు దాని మీదే తుపాకులు పెట్టి, పిల్లలకు వండిన అన్నం చేతులు కడుక్కోకుండా తినేసి పోయారు. వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో, మామా ఆ గుడ్డను పెరట్లోకి ఈడ్చుకుపోయి నిప్పంటించింది. "కుక్కలు తిన్న గుడ్డ మీద నా పిల్లలు తినరు" అంది. తర్వాత వారంలో తన కార్లోనే సంజీవమ్మను తీసుకెళ్లి, జోర్డాన్ పోయే బస్సు ఎక్కించింది. దారిపొడవునా ఇద్దరూ ఏడ్చారు.

అందుకే, యుద్ధం అయిపోయి మామా మళ్లీ వీసా పంపితే సంజీవమ్మ వేరే ఇల్లు వెతుక్కోలేదు. అప్పటికి మామాకు చిన్న కూతురు నూరా పుట్టింది. దాన్ని చూసుకోవడానికి రాయచోటి నుంచి మహబూబ్ బీ వచ్చింది. రాజంపేట, రాయచోటి ఆ ఇంట్లో అక్కాచెల్లెళ్లయ్యాయి.

యుద్ధం ముగిసి నాలుగేళ్లు దాటిన చలికాలంలో, మామా ఒక సాయంత్రం బ్యాంకు నుంచి వణుకుతూ వచ్చింది. ఫహాహీల్ రోడ్డు మీద ఎవరో కుర్రాళ్లు కారులో వెంటపడ్డారట. ఇంటి గేటు దాకా వచ్చి, ఒకడు దిగి కారు అద్దం మీద అరచేత్తో బాదాడట. మామా భర్త అప్పుడు నడుం ఆపరేషన్‌కు లండన్‌లో ఉన్నాడు. మామాకు జ్వరం పట్టుకుంది. సంజీవమ్మ మిరియాల చారు కాచి తాగించింది, కాళ్లు పట్టింది. మామా భయం చూసి తనకూ భయమేసింది. మామా భయాన్ని సంజీవమ్మ ఎన్నడూ తప్పుపట్టలేదు. తప్పంతా ఆ తర్వాత మొదలైంది.

మామా తమ్ముడు జాసిం వచ్చాడు. వాడికి పెద్ద పనేమీ లేదు. దివానియాల్లో, మగవాళ్లు చేరే ఆ హాళ్లలో, కూర్చుని కబుర్లు చెప్పడం, కార్లు మార్చడం. యుద్ధంలో సైనికులు వదిలేసిపోయిన ఆయుధాలు ఎవరి దగ్గర ఏమున్నాయో వాడికి తెలుసు. ఆ శుక్రవారం మధ్యాహ్నం సంజీవమ్మ సుఫ్రా పరిచి, మరకు అనే బెండకాయ పులుసు, అన్నం పెట్టే లోపల జాసిం ఒక బట్టల సంచి తెచ్చి ఆ గుడ్డ మీదే బోర్లించాడు. మూడు పిస్తోళ్లు బయటపడ్డాయి. రొట్టెలు మూసే తెల్ల తువ్వాలు తీసుకుని ఒక్కోదాన్నీ తుడవసాగాడు.

సంజీవమ్మ చేతిలో అన్నం పళ్లెం అలాగే ఉంది. నూనె వాసన కొట్టింది. మిషను నూనె, తుప్పు, ఎవరిదో పాత చెమట కలిసిన వాసన. మామా ఆ గుడ్డ లాగేస్తుందనీ, తమ్ముణ్ని తిడుతుందనీ ఎదురుచూసింది. మామా మోకాళ్ల మీద ముందుకు వంగి, "ఏది చిన్నది?" అంది.

జాసిం నగల కొట్టువాడిలా ఒక్కోటీ ఎత్తి చూపించాడు. మొదటిది సైన్యంలో ఆఫీసర్లది. "దీన్ని దాచాలంటే ఒంటెను దాచినట్టే" అని పక్కన పెట్టాడు. రెండోది గుండ్రంగా తిరిగే చక్రమున్నది. "ఇది మొరాయించదు, కానీ ఈ పొట్ట చూడు, కోటు కింద ఉబ్బుతుంది." మూడోది పలచగా, అరచేతికి కాస్త పెద్దగా ఉంది. "ఇదీ నీకు కావలసింది. గుళ్లు తక్కువ పడతాయి. అయితేనేం, బ్యాగులో పెట్టుకున్నావంటే పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియదు."

మామా దాన్ని తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో చూసుకుంది. తన గోధుమరంగు హ్యాండ్‌బ్యాగులో పెట్టింది, తీసింది. లిప్‌స్టిక్ ఉండే అరలో పెట్టి జిప్పు లాగింది. "ఉబ్బెత్తుగా కనిపిస్తోందా?" అని అడిగింది. అచ్చం చెప్పుల కొట్లో అడిగినట్టు.

"నడుముకు పెట్టుకుంటే ఇంకా త్వరగా అందుతుంది. కానీ కనిపించకూడదు. ఎవరైనా వేసుకుని చూపించాలి" అన్నాడు జాసిం. అతని చూపు సంజీవమ్మ మీద ఆగింది. "ఇది నీ కొలతే కదా" అన్నాడు అక్కతో.

మామా బట్టలు ఉతికి ఇస్త్రీ చేయడమే గానీ, సంజీవమ్మ ఎన్నడూ ఒంటి మీద వేసుకుని ఎరగదు. ఆ రోజు మామానే తన బ్యాంకు కోటు తెచ్చి తొడిగింది. గుండీలు తనే పెట్టింది. జాసిం చక్రం పిస్తోలు అక్కకిస్తే, ఆమె దాన్ని సంజీవమ్మ నడుం దగ్గర దోపింది. చల్లటి ఇనుము జాకెట్టు కింద ఒంటికి తగిలింది. బల్లి పాకినట్టయింది ఆమెకు.

"మా అబీ, మామా" అంది. నాకొద్దు అని.

"ఒక్క నిమిషం సంజీ. యల్లా, నడువు."

నడిచింది. "కూర్చో" అన్నారు, కూర్చుంది. "వంగి ఆ గ్లాసు తియ్యి" అన్నారు. వంగితే కోటు పైకి లేచి పిడి బయటపడింది. అక్కాతమ్ముళ్లు ఫక్కున నవ్వారు. అది తీసి పలచటిది దోపారు. మళ్లీ నడు, మళ్లీ కూర్చో, మళ్లీ వంగు. ఈసారి బయటపడలేదు. "చూశావా!" అని జాసిం చప్పట్లు కొట్టాడు. దాన్ని లాక్కుని, పక్కనున్న మీట చూపిస్తూ, "ఇది కిందికి ఉంటే పేలదు, పైకి ఉంటే పేలుతుంది" అన్నాడు. అలా అంటూనే సంజీవమ్మ గుండెకు ఎదురుగా పట్టి ట్రిగ్గరు నొక్కాడు.

టిక్ మంది. అంతే. గుళ్లు లేవు.

సంజీవమ్మ అక్కడే కూలబడింది. కోటు కింద, చీర కింద వెచ్చగా తడిసింది. ఆ సంగతి వాళ్లకు తెలియకూడదని కోటు గట్టిగా దగ్గరికి లాక్కుంది. జాసిం పడీపడీ నవ్వాడు. మామా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి వెనక ఆమె కూడా నవ్వుతోందని సంజీవమ్మకు కళ్లు చూస్తేనే తెలిసిపోయింది.

స్నానాలగదిలో ఆమె చాలాసేపు కక్కుకుంది. బయటికి వచ్చేసరికి వాళ్లు అదే సుఫ్రా మీద, పిస్తోళ్లు పక్కకు జరిపి అన్నం తింటున్నారు.

"తిన్యా అక్కా?" అని అడిగింది మహబూబ్ బీ, వంటింట్లో.

"యాడ తినేది మే? ముద్ద ఎత్తితే ఆ నూనె వాసనే."

"పెద్దోళ్లు ఏందో చేసుకుంటాండారు. మనకెందుకక్కా?"

"నా నడుముకు కట్టి ఎగతాళి చేసినారే, మనకెందుకా? నేనేమన్నా కొయ్యబొమ్మనా?" అంది సంజీవమ్మ. అని, ఆ తెల్ల తువ్వాలును పట్టకారుతో పట్టుకుని చెత్తడబ్బాలో వేసింది.

పలచటిదే ఖాయమైంది. ఇంటి మొత్తానికీ ఒక జబ్బు సోకినట్టయింది. మామా బ్యాంకు నుంచి రాగానే బ్యాగు తెచ్చి వంటింటి గట్టు మీద, కూరగాయల పక్కన పడేసేది. గట్టు తుడవాలంటే దాన్ని ఎత్తాలి. సంజీవమ్మ ఎత్తేది కాదు. బ్యాగు ఉన్నంత మేర వదిలేసి చుట్టూ తుడిచేది. ఒకనాడు నూరా కుర్చీ ఎక్కి, చూయింగ్ గమ్ కోసం ఆ బ్యాగు జిప్పు లాగుతుంటే మహబూబ్ బీ చూసి కేకేసి పిల్లను చంకనెత్తుకుంది. సంజీవమ్మ నేరుగా మామా గదికి పోయింది.

"మామా, ఈ పొద్దు నూరా చెయ్యి అందులో పడింది. ఆ సంచి వంటింట్లో పెట్టొద్దు. నేను ముట్టను. ఎవరినైనా ముట్టమని చెప్పు, నేను ముట్టను."

"మీట కిందికే ఉంది. నాకు నేర్పించకు" అంది మామా. కానీ ముఖం తెల్లబోయింది. ఆ రాత్రి నుంచి బ్యాగు బీరువా పైకి ఎక్కింది. మంచిదే అనుకుంది సంజీవమ్మ. మామా భయం మాత్రం తగ్గలేదు. బ్యాగు బరువని, భుజం లాగుతోందని, అంతకంటే చిన్నది కావాలని తమ్ముడికి ఫోను చేయడం సంజీవమ్మ చెవిన పడింది. ముందు కుర్రాళ్లంటే భయపడిన మనిషి, ఇప్పుడు ఆ వస్తువు లేకుండా వీధి చివర బకాలా కొట్టుకు కూడా పోలేకపోతోంది. చూస్తుంటే జాలి కలగాల్సింది. సంజీవమ్మకు రోత తప్ప ఏమీ కలగలేదు. అందుకు తన మీద తనకూ రోతగానే ఉండేది.

జాసిం ఇంకో శుక్రవారం వచ్చాడు. ఈసారి తెచ్చింది మరీ చిన్నది, గుప్పిట్లో ఇమిడిపోయేంత. మామా బ్యాగులో వేసి ఊపి చూసి, "తేలిగ్గా ఉంది" అంటూ మురిసిపోయింది. "నేనైతే నడుముకే పెట్టుకుంటా. దిష్‌దాషా కింద నెల రోజులు తిరిగినా ఎవడూ కనిపెట్టడు" అని జాసిం దాన్ని తన పొడవాటి అంగీ కింద, లోపలి లాగు నడుంపట్టీలో దోపుకుని, హాల్లో అటూ ఇటూ నడిచి చూపించాడు. చేతులు చాపి ఒక చుట్టు తిరిగాడు. సంజీవమ్మ అప్పుడే మచ్బూస్ అన్నం తాంబాళం తెచ్చి సుఫ్రా మీద పెట్టింది. వాడు కూర్చోబోతూ, జారుతున్న పిస్తోలును దిష్‌దాషా మీద నుంచే పట్టుకోబోయాడు.

చెవులు గింగురుమన్నాయి. తెల్ల దిష్‌దాషా తొడ దగ్గర నల్లగా, తర్వాత ఎర్రగా అయింది. జాసిం అన్నం తాంబాళంలోకే పడ్డాడు. మాంసం ముక్కలు, జీడిపప్పు, నెత్తురు ఒకటైపోయాయి. లోపల నూరా ఏడుపు మొదలైంది. సంజీవమ్మ తలగుడ్డ తీసి వాడి తొడకు బిగించి కట్టింది. రోత పుడుతున్నా కట్టింది. అంబులెన్సుకు మామా ఫోను చేసింది.

ఫోను పెట్టేసి ఆమె వంటింట్లోకి వచ్చింది. సంజీవమ్మ సబ్బుతో చేతులు రుద్దుకుంటోంది.

"సంజీ, పోలీసులు వస్తారు. పెరట్లో పూలకుండీల వెనక ఊడుస్తుంటే దొరికిందని చెప్పు. యుద్ధం తర్వాత అందరి పెరళ్లలోనూ దొరుకుతున్నాయి కదా. మాకు చూపించడానికి తెచ్చావు, చేతిలో పేలింది. అంతే."

సంజీవమ్మ కొళాయి కట్టేసింది.

"నీకేం కాదు. మహా అయితే ఇంటికి పంపిస్తారు. టికెట్ నేను కొంటా" అని హాల్లోంచి జాసిం మూలిగాడు.

ఇంటికి పంపడం ఒక్కటే కాదని, జైలు కూడా ఉందని వాడికీ తెలుసు, మామాకూ తెలుసు. సంజీవమ్మ మామా ముఖంలోకి చూసింది. యుద్ధంలో తనను బస్సు ఎక్కిస్తూ ఏడ్చిన ముఖం అదే. ఇప్పుడు ఆ ముఖంలో ఏడుపు లేదు. తొందర మాత్రం ఉంది.

"మామా, నీ ఇంట్లో అంట్లు కడిగినా. మీ అందరి గుడ్డలు ఉతికినా. ఇది కడగను" అంది.

"నీ ఇఖామా నా చేతిలో ఉంది" అంది మామా. ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి కార్డు అది.

"ఉండనీ."

పోలీసు ఆఫీసరు నడివయసువాడు, అలసిపోయి ఉన్నాడు. జాసింను అప్పటికే అంబులెన్సులో తీసుకుపోయారు. మామా పెరటి కథ నిదానంగా, పొందికగా చెప్పింది. ఆయన సంజీవమ్మ వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు.

"కదబ్" అంది సంజీవమ్మ. అబద్ధం అనే మాట ఆమెకు అరబ్బీలో వచ్చు. మిగతాది చేతులతో, వచ్చిన మాటలతో చెప్పింది. జాసిం తెచ్చుకున్నాడు, వాడే దోపుకున్నాడు, వాడి బట్టలోనే పేలింది. దిష్‌దాషాకు లోపలి నుంచి బయటికి కాలిన చిల్లు ఉంటుంది, చూసుకోండి. ఇంకొకటి మామా బ్యాగులో ఉంది, బ్యాగు బీరువా మీద ఉంది.

ఆఫీసరు మహబూబ్ బీని పిలిచాడు. ఆమె నూరాను గట్టిగా పట్టుకుని, "అక్క చెప్పిందే" అంది. అదే చాలింది.

జైలుకు ఎవరూ పోలేదు. పెద్దమనుషులు మాట్లాడారు, పిస్తోళ్లు అప్పగించారు, కాగితాల మీద సంతకాలయ్యాయి. జాసింకు కాలు ఈడ్చడం మిగిలింది. మామా భర్త లండన్ నుంచి వచ్చి విషయమంతా విన్నాడు. సంజీవమ్మను పిలిచి, ముఖం చూడకుండా, "వీసా మార్చుకోవడానికి సంతకం చేస్తాను. నచ్చిన చోటికి వెళ్లు. ఖలాస్" అన్నాడు. అది కోపమో సిగ్గో ఆమెకు అర్థం కాలేదు.

వెళ్లేరోజు మామా వచ్చి సంజీవమ్మ గది తలుపు దగ్గర నిలబడింది. "యుద్ధంలో నిన్ను వదిలెయ్యలేదు నేను" అంది.

"లేదు మామా, వదల్లేదు" అంది సంజీవమ్మ. అది నిజం. అందుకే ఎక్కువ నొప్పిగా ఉంది.

ఎగైలాలో ఒక ముసలావిడ ఇంట్లో ఆమె చాలా ఏళ్లు వండింది. తర్వాత మహబూలాలో పనివాళ్లకు డబ్బాల్లో అన్నం కట్టే వంటశాలలో చేరింది. మహబూబ్ బీ మాత్రం జాబ్రియాలోనే ఉండిపోయింది, సెలవుల్లో వచ్చి పోతుండేది. నూరా పెళ్లి కుదిరిన ఏడాది ఒక శుక్రవారం వచ్చి, మామా కబురు చెప్పింది.

"నువ్వు రావల్లంట. వంట చెయ్యను గాదు, ఊరికే వచ్చి కూచోని పొమ్మంటాంది. ఇన్నేండ్లయినా కోపం పోల్యా అక్కా?"

"కోపమైతే ఎప్పుడో పోయుండు. ఇది కోపం గాదు మే, రోత. పొమ్మంటే పోదు" అంది సంజీవమ్మ.

అయినా ఆ వారమంతా పని అయిపోయాక వంటశాల పొయ్యి మీద అరిసెలు వండింది. నూరాకు చిన్నప్పుడు అరిసెలంటే ప్రాణం, పాకం వేళ్లకంటించుకుని ఇల్లంతా తిరిగేది. డబ్బా నిండా సర్ది, మూత బిగించి, మహబూబ్ బీ చేతికిచ్చింది. "పిల్లకియ్యి. నేను పంపినానని పిల్లకే జెప్పు" అంది. పెళ్లికి మాత్రం పోలేదు.