అమావాస్య నాటి టిక్కు

మగ్గాల చప్పుడు లేని వీధిలో నడవాలంటే నాకు ఇప్పటికీ భయమే.

ఎమ్మిగనూరులో మా నేతగేరికి, అంటే నేతగాళ్ల వీధికి, నేను ఆశా కార్యకర్తను. గేరి చివరింట్లో ఒంటరిగా ఉండే ముసలి నేతగాడికి టీబీ. రోజూ నా కళ్లెదుట ఆయన చేత మాత్రలు మింగించి, కార్డులో ఆ తేదీ గడిలో టిక్కు పెట్టాలి. కళ్లెదుట అన్న మాటను శిక్షణలో పదిసార్లు చెప్పారు.

మొదటి నెల చెప్పినట్టే చేశాను. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి నేత ఆపి, మాత్రలు మింగి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి చూపేవాడు. నాకు నవ్వొచ్చేది. ఒకరోజు ఆయనే అన్నాడు.

"ఇంత ఎండలో ఈడిదాకా యాల వస్తావమ్మా? మాత్రలు నా కాడ ఇడ్సిపో. పొద్దున్నే మింగినాకే మగ్గంలోకి దిగుతా. వీధి మొగదాల నిలబడి ఇను. నా మగ్గం ఆడతాంటే మింగినట్టే, రాసుకో."

"అట్లనే పెద్దనాయనా" అన్నాను. బద్ధకానికి సాకు దొరికితే అంతకన్నా సుఖమేముంది!

మగ్గం తొక్కేటప్పుడు ఆయనకు ఒక కాలు లాగేది. అందుకని ఆ మగ్గం మధ్యమధ్య తడబడేది. ఎన్ని మగ్గాలు ఆడుతున్నా దాన్ని గుర్తుపట్టి, టిక్కు పెట్టి వెనక్కి తిరిగేదాన్ని.

దసరా ముందరి అమావాస్య వచ్చింది. అమావాస్య నాడు మా గేరిలో ఎవరూ పోగు నడిపే నాడె ముట్టరు, మగ్గాలన్నీ ఆగిపోతాయి. వీధంతా ఊపిరి బిగబట్టినట్టుంది. పక్కింటి దాకా నడిచి చూస్తే, కుళాయి వచ్చి పోయినా ఆయన బిందె వాకిట్లో బోర్లించే ఉంది. పక్కింటామెను అడిగాను.

"పెద్దనాయన లేసినాడా?"

"ఈపొద్దు అమాస గదక్కా, పండుకోని ఉంటాడు."

నమ్మాను. నమ్మడమే నాకు సులువు. ఆ తలుపు ఇరవై అడుగుల దూరం కూడా లేదు. సేవ, సేవ అని సభల్లో పెద్ద మాటలు చెబుతారు గానీ, ఆ ఇరవై అడుగులు నడిచి ఒక మనిషి ఎలా ఉన్నాడో చూడటమే నా ఉద్యోగం. టిక్కు పెట్టి వెళ్లిపోయాను.

మర్నాడు మగ్గాలన్నీ ఆడాయి, ఆ ఒక్కటి తప్ప. పరుగెత్తాను. ఆయన గుంతలో సగం, బయట సగం పడి ఉన్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, చేతిలో నాడె ఉంది.

"మొన్న సందేళ పడితినమ్మా. నిన్న నీ మాట ఇనపడె. పిలిస్తి, గొంతు రాలేదు" అన్నాడు.

ఆదోని ఆసుపత్రిలో డాక్టరు కార్డు చూశాడు. "నిన్న మాత్రలు వేసుకున్నాడే. నిన్న బాగానే ఉన్నాడా? చూసినావు గదా నువ్వు?"

నాకంటే ముందు, మంచం మీద నుంచి ఆయనే పలికాడు.

"బాగుంటినప్పా. ఈపొద్దు పొద్దున్నే పడితిని. ఈ మా అమ్మ దినామూ వచ్చి చూస్తాది."

డాక్టరు అదే రాసుకున్నాడు. రెండు రాత్రులు నీళ్లు లేకుండా పడి ఉన్నాడని నేను చెప్పలేదు. సాయంత్రానికి ఆయన పోయాడు.